నూకలు

ఆ నెల ఓడ రాలేదు.

రేవులో గొడవన్నారు, ధర అన్నారు,
ఎక్కడో ఏ దొరో సంతకం మానేశాడన్నారు.
ఫాతిక్ బస్సుల అడ్డాలో
నా రేకుల పాకలో
బస్తా అడుగున చేత్తో తడిమితే
గుప్పెడు నూకలు, ఒక పురికొస.

ఇరవై రెండేళ్లుగా నేను వండింది నూకలే.
ఎవరి పొలంలో పండాయో
ఎవరి మరలో విరిగాయో
విరగని గింజలు ఎవరి కంచంలోకి వెళ్లాయో
ఎన్నడూ అడగలేదు.
బస్తా మీది రాతలు నాకు రావు.
చేపముక్క వేసి టమాటా ఎర్రగా మరిగించి దించితే
డ్రైవర్లు హారన్ కొట్టడం మరిచిపోయేవాళ్లు.

సోమవారం మా చిన్నాన్న జొగోయ్
గాడిదబండి మీద సజ్జలు తెచ్చాడు.
"తినేవాళ్లుంటే ఉంచుకో,
లేకపోతే ఈ గాడిదకు పెట్టు" అన్నాడు
నా మొహంలోకి చూడకుండా.

సజ్జ మాకు రాత్రి తిండి.
పట్టపగలు తిన్నామంటే
ఇంట్లో డబ్బు లేదని ఊరికి చాటుకున్నట్టే.

ఇక్కడొక మాట చెప్పాలి.
నేల గురించి గొప్పగా మాట్లాడేవాళ్లు
భుజాల గురించి మాట్లాడరు.
మా అమ్మ డిబోర్ కుడిభుజం
ఎడమదానికంటే బెత్తెడు జారి ఉండేది.
కోడి కూయకముందే దంపుడు,
చెరగడం, తడపడం, వేళ్లతో నలిపి రవ్వ చేయడం,
ఆవిరికి పెట్టి మళ్లీ నలపడం.
మొదటి నూకల బస్తా ఇంటికొచ్చిన రోజు
రోకలిని గోడకు ఆనించి
"ఇక నువ్వు పడుకో" అంది దానితో.
ఆ బస్తాను నేనెట్లా తిట్టను?

అందుకే మరకు పంపాను.
పిండికి కాస్త డీజిల్ వాసన అంటింది.
అంటనీ.

రవ్వలో బయోబాబ్ ఆకుపొడి కలిపాను,
పైన మునగాకు, వేరుశెనగ ముద్ద, ఎండుచేప.
మూత తీసి చూసిన లాతిర్
"ఇంకా పొద్దు గూకలేదే, తెనింగక్కా!" అన్నాడు.
ఒకటే నవ్వులు.
ముగ్గురు లేచిపోయారు.
ఒకడు పక్క కొట్లో బ్రెడ్డు కొనుక్కున్నాడు.
ఆ గోధుమా ఓడ దిగిందే బాబూ
అనబోయి ఊరుకున్నాను.
లాతిర్ మాత్రం తిన్నాడు.
గిన్నె అడుగు వేలితో తుడిచి
"దీంతో సాయంత్రందాకా ఆకలెయ్యదు" అన్నాడు,
ఫిర్యాదులాగా.

ఆదివారం చిన్నాన్న పొలానికి వెళ్లాను.
వేరుశెనగ సాళ్లకు అడ్డమని
తాత నరికించిన సాస్ చెట్లు
మోళ్లలోంచి మళ్లీ లేస్తున్నాయి.
చిన్నాన్న చేసిందేమీ లేదు,
నరకడం మానేశాడు, అంతే.

తిక్క చెట్టది.
వానల్లో లోకమంతా పచ్చబడితే
తాను ఆకు రాల్చి, బోడిగా నిలబడి
కింది సజ్జకు ఎండ వదులుతుంది.
ఎండల్లో అన్నీ మోడువారితే
అప్పుడు చిగిర్చి ఆవుల్ని నీడకు పిలుస్తుంది.
ఆవులు వేసిందంతా నేల దాచుకుంటుంది.
"దీని కింద కంకి మూరెడు, అవతల జానెడు.
ఎరువుల కొట్టువాడితో అనకు, ఏడుస్తాడు."
అప్పుడు చూశాడు నా మొహంలోకి.

ఓడ వచ్చింది.
నూకలు చెల్లాయని బెంగపడ్డవాళ్లందరం
పరుగెత్తి నూకలే కొన్నాం.
నేనూ కొన్నాను.

కానీ పొయ్యి మీద ఇప్పుడు రెండు గిన్నెలు.
రెండోది చిన్నది. సోమ, గురువారాలే.
ఒక్కోసారి మిగులుతుంది,
పుల్లటి పాలు పోసుకుని నేనే తింటాను
ఈ గింజ ఏ చెట్టు కిందదో
ఏ వారం వాన ఎగ్గొట్టిందో
పిట్టలు తినగా మిగిలిందెంతో
తెలిసి తింటాను.

నిన్న లాతిర్ బండి దిగకుండానే
కిటికీలోంచి రెండు వేళ్లు చూపించాడు.
రెండో గిన్నెలోది అనో
రెండు ప్లేట్లు అనో.

అడగలేదు,
రెండూ అనుకుని వడ్డించాను.